ఫ్లోరైడ్ నీళ్లు, మధుమేహం: పరిశోధన పత్రాల కోసం ఎలా వెతకాలి?

మర్రిగూడ పీజీ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఏళ్ల తరబడి బతికినవారికి మధుమేహం గానీ, దానికి ముందు దశ గానీ వచ్చే అవకాశం మారుతుందా అన్న ప్రశ్నను థీసిస్ కోసం ఎంచుకున్నాను. వంగిన నడుములను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఫ్లోరైడ్ గురించి నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదనుకున్నాను. షుగర్ రోగులను ఓపీలో రోజూ చూస్తూనే ఉన్నాను. ఈ రెండింటినీ కలిపి ఇదివరకు ఎవరేమి రాశారో చూద్దామని కూర్చున్నాకే అసలు ఇబ్బంది మొదలైంది.

వైద్య పరిశోధన పత్రాలను వెతికే పబ్‌మెడ్ సైటులో ఫ్లోరైడ్, డయాబెటిస్ అన్న రెండు మాటలు వేశాను. వచ్చినవాటిలో కొన్ని రక్తం తీసే గొట్టాల గురించి, కొన్ని పుచ్చిపళ్ల గురించి, చాలా వరకు ఎలుకల గురించి ఉన్నాయి. పనికొస్తాయనిపించిన పన్నెండింటిని దింపుకొని సినాప్సిస్‌లో (థీసిస్ ప్రణాళికలో) పెట్టాను. మా గైడ్ గారు ఆ పన్నెండింటి జోలికే పోకుండా, "నువ్వు వెతికిన తీరు రాసి చూపించు, అవే మాటలు నేను వేస్తే నాకూ ఇవే రావాలి" అన్నారు. రాసి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. పెద్దలు దారి చూపగలరు.

పాలమూరు గ్రంథపాలకుడు

మీ గైడ్ గారు సరైన చోటనే పట్టుకున్నారు. ముందుగా ఒక మాట: నేను పదాలన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, వెతుకులాట పెట్టెలో మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాలతోనే వేయండి.

మీ ప్రశ్నను ముక్కలుగా విడదీస్తే అందులో నాలుగు కనిపిస్తాయి: మనుషులు, వారు తాగిన ఫ్లోరైడ్ నీళ్లు, పోలిక కోసం ఫ్లోరైడ్ తక్కువ ఉన్న ఊళ్లవారు, చివరికి మధుమేహం. వెతకడానికి ఈ నాలుగూ అక్కరలేదు. పత్రం రాసినవారు పోలికను అబ్‌స్ట్రాక్ట్‌లో (పత్రం సారాంశంలో) చెప్పకపోవచ్చు, "పెద్దలు" అన్న మాట ఎక్కడా వాడకపోవచ్చు. యాండ్ (ఇదీ ఉండాలి, అదీ ఉండాలి అనే మాట) పెట్టి కలిపిన ప్రతి ముక్కా ఒక జల్లెడ. జల్లెడలు పెరిగినకొద్దీ పొట్టుతోపాటు గింజలూ పోతాయి. మీకు రెండే భావాలు కావాలి: ఒకటి ఫ్లోరైడ్, రెండోది మధుమేహం లేదా రక్తంలో గ్లూకోజ్ గతి తప్పడం. ఒక్కో భావానికి ఎన్ని పేర్లున్నాయో అన్నింటినీ ఆర్‌తో (ఏ ఒక్కటి ఉన్నా చాలు అనే మాటతో) ఒక కుండలో వేసి, ఆ తర్వాత రెండు కుండలను యాండ్‌తో కలపండి. యాండ్, ఆర్, వద్దనుకున్నవాటిని తీసేసే నాట్ అన్న ఈ మూడు మాటలనూ పెద్ద అక్షరాలతో రాయాలి. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరుసగా లెక్క కడుతుంది కాబట్టి బ్రాకెట్లు మరిచిపోతే కుండలు రెండూ కలగాపులగమవుతాయి.

రెండు మాటలు వేసినప్పుడు ఏమి జరిగిందో మీకు తెలియకపోవడానికి కారణం, పబ్‌మెడ్ మీ మాటను లోలోపల మార్చుకోవడమే. ఉత్త డయాబెటిస్ అని వేస్తే అది డయాబెటిస్ మెలిటస్‌తోపాటు డయాబెటిస్ ఇన్సిపిడస్‌ను కూడా తెచ్చి కలుపుతుంది. ఆ రెండో జబ్బుకు చక్కెరతో ఏ సంబంధమూ లేదు, అతిమూత్రం ఒక్కటే పోలిక. అడ్వాన్స్‌డ్ పేజీలోకి వెళ్లి, హిస్టరీలో మీ వెతుకులాట పక్కనున్న వివరాలను తెరిస్తే ఈ మార్పు మొత్తం కనిపిస్తుంది. అక్కడికి వెళ్లే అలవాటు లేనివారికి తాము ఏమి అడిగారో తమకే తెలియదు.

బయోకెమిస్ట్రీ మేడం

రక్తం గొట్టాల సంగతి నేను చెబుతాను, అది మా ఇంటి గొడవ. గ్లూకోజ్ పరీక్షకు రక్తం తీసే బూడిదరంగు మూత గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. రక్తకణాలు గొట్టంలో కూడా గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. ఫ్లోరైడ్ ఎనోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుని ఆ తిండిని ఆపుతుంది. వెంటనే ఆపదు, మొదటి గంట రెండు గంటలు గ్లూకోజ్ పడిపోతూనే ఉంటుంది. అందుకే ఈ గొట్టాలు మంచివా కావా అని మావాళ్లు ఎన్నో పత్రాలు రాశారు. వాటన్నింటిలోనూ ఫ్లోరైడ్, గ్లూకోజ్, డయాబెటిస్ అన్న మూడు మాటలూ ఉంటాయి, నీళ్ల ఊసు మాత్రం ఉండదు.

ఇంకో జాగ్రత్త. ఫ్లోర్ అన్నంతవరకు రాసి నక్షత్రపు గుర్తు (ఆ అక్షరాలతో మొదలయ్యే పదాలన్నీ తెమ్మనే గుర్తు) పెడితే ఫ్లోరెసెన్స్ వస్తుంది, ఫ్లోరోయురాసిల్ వస్తుంది, పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్ కూడా వస్తుంది.  ఫ్లోరోస్ అని రాసి నక్షత్రం పెడితే ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్‌తోపాటు ఎక్స్‌రే పరీక్ష అయిన ఫ్లోరోస్కోపీ దిగుతుంది. ఫ్లోరైడ్ వరకు రాసి నక్షత్రం పెట్టండి, ఫ్లోరోసిస్‌ను, ఫ్లోరోటిక్‌ను విడివిడిగా పూర్తిగా రాయండి.

దేవరకొండ డాక్టర్

తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను. ఏదైనా అనుమానం వస్తే గూగుల్ స్కాలర్‌లో వేస్తాను, మొదటి పేజీలోనే జవాబు దొరుకుతుంది. పీజీ థీసిస్‌కు ఇంత తతంగం అవసరమా? కుండలు, జల్లెడలు అంటూ పోతే సినాప్సిస్ గడువు దాటిపోతుంది.

పాలమూరు గ్రంథపాలకుడు

డాక్టర్ గారూ, ఓపీలో కూర్చున్న మీకు కావలసింది ఒక మంచి జవాబు. ఈ విద్యార్థికి కావలసింది ఉన్న పత్రాలన్నీ, ముఖ్యంగా తన ఊహకు ఎదురు చెప్పేవి. మీ పనికి స్కాలర్ సరిపోతుందని నేను ఒప్పుకుంటాను. అయితే అది ఎన్ని లక్షలు దొరికాయని చెప్పినా మొదటి వెయ్యికి మించి చూపదు, వాటిని ఏ వరుసలో పేర్చిందో చెప్పదు, నెల తర్వాత అవే మాటలు వేస్తే వేరే వరుస చూపవచ్చు. "నాకూ ఇవే రావాలి" అన్న గైడ్ గారి షరతు అక్కడ నిలవదు. ఒక పత్రాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో పట్టుకోవడానికి మాత్రం స్కాలర్ చాలా మంచిది. ఆ పని గురించి తర్వాత చెబుతాను.

మర్రిగూడ పీజీ

సార్, మెష్ పదాలు వాడాలని మా సీనియర్లు చెప్పారు. మెష్ ఒక్కటే వాడితే చెత్త రాదని కూడా అన్నారు. అది సరేనా?

పాలమూరు గ్రంథపాలకుడు

సగమే సరి. మెష్ అంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960 నుంచి నిర్వహిస్తున్న విషయ పదకోశం. పత్రం రాసినవారు ఏ మాట వాడినా, దాని విషయాన్ని బట్టి ఒక స్థిరమైన పదాన్ని తగిలిస్తారు. మీకు ఫ్లోరైడ్స్, ఫ్లోరైడ్ పాయిజనింగ్, ఫ్లోరోసిస్ డెంటల్ అన్న మూడు పదాలు పనికొస్తాయి. రెండో కుండకు డయాబెటిస్ మెలిటస్ అన్న పెద్ద కొమ్మను తీసుకుంటే టైప్ 1, టైప్ 2, గర్భిణుల మధుమేహం, ప్రీడయాబెటిస్ అన్నీ దాని కింద వాటంతట అవే వస్తాయి. కానీ గ్లూకోజ్ ఇంటాలరెన్స్ (ఒళ్లు గ్లూకోజ్‌ను సరిగా వాడుకోలేకపోవడం) ఆ కొమ్మ కింద లేదు, అది హైపర్‌గ్లైసీమియా (రక్తంలో చక్కెర పెరగడం) కొమ్మ కింద ఉంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం) ఇంకో కొమ్మ మీద ఉంది. మీ ప్రశ్నలో ముందు దశ కూడా ఉంది కాబట్టి ఈ రెండింటినీ చేత్తో తెచ్చి కలుపుకోవాలి. బ్లడ్ గ్లూకోజ్‌ను, మూడు నెలల చక్కెర సగటును చూపే గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్‌ను (హెచ్‌బీఏ1సీని) కూడా వదలకండి.

మిగతా సగం ఇది. పబ్‌మెడ్‌లో ఉన్న పత్రాలన్నింటికీ మెష్ ఉండదు. పూర్తి పత్రాలను ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్ ద్వారా మాత్రమే చేరిన పత్రికల పత్రాలకు ఉండదు. మన దేశపు చిన్న పత్రికల్లో అలాంటివి చాలా ఉన్నాయి. మెష్ ఒక్కటే వాడితే మన పక్క జిల్లాలో జరిగిన పనే మనకు కనిపించకుండా పోవచ్చు. పైగా 2022 ఏప్రిల్ నుంచి ఈ పదాలను ప్రధానంగా కంప్యూటర్ ప్రోగ్రామే తగిలిస్తోంది, అవసరమైన చోట మనుషులు సరిచూస్తారు. అందువల్ల ప్రతి కుండలోనూ మెష్ పదాలను, టైటిల్‌లోనూ అబ్‌స్ట్రాక్ట్‌లోనూ వెతికే మామూలు మాటలను కలిపి ఆర్‌తో వేయాలి. ఈ ఒక్క నియమం పాటించని థీసిస్‌లు నా బల్ల మీదికి ఏటా వస్తూనే ఉంటాయి.

సూర్యాపేట నర్సింగ్ ట్యూటర్

మామూలు మాటల విషయంలో నేను దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను. పాదాల పుండ్ల మీద పాత పత్రాలు వెతికినప్పుడు టైప్ 2 డయాబెటిస్ అని మాత్రమే వేశాను. పందొమ్మిది వందల ఎనభైలలో, తొంభైలలో రాసినవారు ఆ జబ్బును నాన్ ఇన్సులిన్ డిపెండెంట్ డయాబెటిస్ అనేవారు, పొట్టిగా ఎన్ఐడీడీఎం అని రాసేవారు. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆ పేరును పక్కన పెట్టాకే టైప్ 2 అన్నది స్థిరపడింది. నేను వేసిన మాటతో అంతకు ముందటి పనిలో చాలా భాగం తెర వెనకే ఉండిపోయింది, వైవా దాకా ఆ సంగతి నాకు తెలియలేదు.

స్పెల్లింగ్ కూడా చూసుకోండి. గ్లైసీమియాను బ్రిటన్‌వారు ఒకలా, అమెరికావారు ఒకలా రాస్తారు, హిమోగ్లోబిన్ కూడా అంతే. హెచ్‌బీఏ1సీని కొందరు గ్లైకేటెడ్ అంటారు, కొందరు గ్లైకోసిలేటెడ్ అంటారు, కొందరు ఉత్త ఏ1సీ అని వదిలేస్తారు.

మర్రిగూడ పీజీ

మేడం చెప్పినవన్నీ రాసుకున్నాను. ఇప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. మూడో కుండగా నల్లగొండ, తెలంగాణ అన్న పేర్లు వేస్తే నాకు కావలసినవి మాత్రమే వస్తాయి కదా, తక్కువ వస్తే చదవడం కూడా తేలిక.

పాలమూరు గ్రంథపాలకుడు

ఇది మన ప్రాంతంవారందరూ చేసే తప్పు, అందుకని కొంచెం నిలబడి మాట్లాడాలి.

మెష్‌లో ఇండియా ఉంది, తెలంగాణ లేదు. కాబట్టి రాష్ట్రం పేరు పనిచేసేది పత్రంలో రాసినవారు దాన్ని పేర్కొంటేనే. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. అంతకు ముందు ఇక్కడ జరిగిన అధ్యయనాల్లో చాలావరకు ఆంధ్రప్రదేశ్ పేరు మీదనే ఉన్నాయి. హైదరాబాద్‌కు చేరువలోని 29 ఊళ్లలో, 1987–90 నాటి పోషకాహార ప్రయోగంలోని పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించిన అధ్యయనం పేరే ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ. ఆ ఊళ్లు ఈనాడు తెలంగాణలో ఉన్నా పేరు మారలేదు. పెద్దయినవారిలో గుండెజబ్బు, మధుమేహ ముప్పుల గురించి దాని నుంచి ఎన్నో పత్రాలు వచ్చాయి, తెలంగాణ అని వేసినవారికి వాటిలో చాలా కనిపించవు.

జిల్లా పేరు ఇంకా చిక్కు. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి; మా మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాలు వచ్చాయి, 2019లో నారాయణపేట వచ్చింది. 2010 నాటి పత్రంలో నల్లగొండ జిల్లా అంటే ఈనాటి మూడు జిల్లాలు. మా ఊరి పేరునైతే ఆంగ్లంలో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కపెట్టడం నేను మానుకున్నాను.

అన్నింటికన్నా వినోదం, నల్లగొండ అని వేస్తే మీకు ఇథియోపియా, టాంజానియా వస్తాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది, దానికి నల్లగొండ టెక్నిక్ అన్న పేరు స్థిరపడింది. తూర్పు ఆఫ్రికాలో కూడా అదే బాధ ఉంది కాబట్టి అక్కడి ఇంజనీర్లు మన జిల్లా పేరు తలచుకుంటూ పత్రాలు రాస్తారు.

అసలు కారణం వేరే ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు నల్లగొండకు ఒక్కదానికే పట్టిన పీడ కాదు. చైనాలో, మెక్సికోలో, రాజస్థాన్‌లో ఉన్నవారు మీ ప్రశ్ననే అడిగి ఉండవచ్చు. స్థలం పేరు వేస్తే వారి జవాబులను చూడకుండా తలుపు వేసుకున్నట్టే. చైనా పత్రాల కోసం భాష దగ్గర ఇంగ్లీషు మాత్రమే అన్న గీత కూడా గీయకండి. అబ్‌స్ట్రాక్ట్ ఇంగ్లీషులో ఉంటే మీకు పనికొచ్చేదో కాదో తేల్చుకోవడానికి అది చాలు.

దేవరకొండ డాక్టర్

జిల్లాల సంగతి నాకు తట్టలేదు, అది ఒప్పుకుంటాను. అయితే ఎలుకలను ఎలా వదిలించుకుంటారు? నాట్ ర్యాట్స్ అని వేస్తే పోతాయి కదా.

పాలమూరు గ్రంథపాలకుడు

పోతాయి, వాటితోపాటు మనుషులూ పోతారు. "ఎలుకల్లో కనిపించినది మనుషుల్లో కనిపించలేదు" అని రాసిన పత్రంలో కూడా ఎలుక అన్న మాట ఉంటుంది కదా. నాట్‌ను వాడాల్సి వస్తే వాడే పద్ధతి ఒకటే: మెష్‌లో యానిమల్స్ ఉండి హ్యూమన్స్ లేనివాటిని మాత్రమే తీసేయడం. అంటే యానిమల్స్ నాట్ హ్యూమన్స్ అన్నదాన్ని బ్రాకెట్లలో పెట్టి, దాని ముందు ఇంకో నాట్ పెట్టాలి. మెష్ తగలని పత్రాలకు ఈ నాట్ తాకదు కాబట్టి వాటిలోని ఎలుకలను కళ్లతోనే ఏరుకోవాలి. గొట్టాల పత్రాలను నాట్‌తో తీయవద్దనే నా సలహా. టైటిల్ చూడగానే తెలిసిపోతాయి, ఒక్కొక్కదానికి రెండు సెకన్లు పడుతుంది.

బయోకెమిస్ట్రీ మేడం

ఒక పరీక్ష చెబుతాను. 1993లో డయాబెటోలోజియా పత్రికలో మన దేశం నుంచే వచ్చిన చిన్న పత్రం ఒకటి ఉంది. ఫ్లోరోసిస్ ఉన్నవారిలో కొందరికి గ్లూకోజ్ టాలరెన్స్ దెబ్బతిన్నదనీ, ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీళ్లు తాగించాక అది బాగుపడిందనీ చెబుతుంది. మీరు కట్టిన వెతుకులాట ఏదైనా ఈ పత్రాన్ని పట్టుకోకపోతే అందులో ఎక్కడో కన్నం ఉన్నట్టు. ఆ పత్రంలో వారు గ్లూకోజ్ టాలరెన్స్ అన్నారు. డయాబెటిస్ అన్న మాట ఒక్కదాని మీదనే ఆధారపడితే ఇలాంటివి జారిపోతాయి.

పాలమూరు గ్రంథపాలకుడు

మేడం చెప్పినదాన్ని మేము విత్తన పత్రం అంటాం. ఇలాంటివి నాలుగైదు ముందే దగ్గర పెట్టుకుని, వెతుకులాట వాటన్నింటినీ పట్టిందో లేదో చూసుకోవాలి. పట్టకపోతే ఆ పత్రం పేజీలో మెష్ పదాలు ఏమున్నాయో, అబ్‌స్ట్రాక్ట్‌లో ఏ మాట వాడారో చూసి దాన్ని కుండలో కలపాలి. ఒక్కో విత్తన పత్రం నుంచి రెండు వైపులకు నడవాలి: అది ఉదహరించిన పాతవి, దాన్ని ఉదహరించిన కొత్తవి. స్కాలర్ పనికొచ్చేది ఈ రెండో నడకకే. ఈ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఫ్లోరైడ్ అన్న పేరుతోనే చాలా కాలం న్యూజిలాండ్ నుంచి వెలువడిన పత్రికను పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్ సూచిక చేర్చుకోలేదు. మీ విషయం మీద అచ్చంగా రాసే పత్రికే పబ్‌మెడ్ వెతుకులాటకు అందదన్నమాట. ఆ పత్రిక సైటులో విడిగా వెతకండి, అందులో వాదానికి దిగే ధోరణి ఉన్న రచనలూ ఉంటాయి కాబట్టి కొంచెం ఆచితూచి చదవండి.

చందా కట్టి వాడే ఇంకో వైద్య డేటాబేస్ ఎంబేస్ మీ కాలేజీకి ఉంటే తప్పక వాడండి, లేకపోతే లేదని రాయండి. యూరప్ పీఎంసీ అన్న డేటాబేస్ ఉచితం. మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, అందులో ట్రయల్స్‌తోపాటు పరిశీలనాత్మక అధ్యయనాలు, పీజీ థీసిస్‌లు కూడా నమోదై ఉంటాయి. మీ ప్రశ్ననే ఇంకెవరైనా మొదలుపెట్టారా అన్నది అక్కడ తెలుస్తుంది. పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధగంగ ఉంది. తమిళనాడు వైద్య విశ్వవిద్యాలయం ఎండీ థీసిస్‌లను తన రిపాజిటరీలో పెట్టింది. ధర్మపురి వైపు ఫ్లోరైడ్ ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, అందుకే చెబుతున్నాను. పూర్తి పత్రం దొరక్కపోతే డబ్బు కట్టకముందు కాలేజీ లైబ్రరీలో అడగండి, 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి.

సూర్యాపేట నర్సింగ్ ట్యూటర్

టైటిల్‌లో మాత్రమే వెతికితే తక్కువ వస్తాయని మా విద్యార్థులు అడ్డదారి పడుతుంటారు. దానికి నేను చూపే ఉదాహరణ ఒకటుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని చెప్పిన ఐసీఎంఆర్–ఇండియాబ్ జాతీయ సర్వే పత్రం 2023లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది. లక్షా పదమూడు వేల మందిని పరీక్షించిన పని అది. దాని టైటిల్‌లో డయాబెటిస్ అన్న మాటే లేదు; మెటబాలిక్ నాన్ కమ్యూనికబుల్ డిసీజ్ అని ఉంది. టైటిల్ మీదనే ఆధారపడినవారికి దేశంలోకెల్లా పెద్ద మధుమేహ సర్వే దొరకదు.

మర్రిగూడ పీజీ

రెండు రోజులు కూర్చుని మళ్లీ కట్టాను, తప్పులుంటే చెప్పండి.

మొదటి కుండ: ఫ్లోరైడ్స్, ఫ్లోరైడ్ పాయిజనింగ్, ఫ్లోరోసిస్ డెంటల్ అన్న మెష్ పదాలు, టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లలో ఫ్లోరైడ్ నక్షత్రం, ఫ్లోరోసిస్, ఫ్లోరోటిక్. అన్నీ ఆర్‌తో.

రెండో కుండ: డయాబెటిస్ మెలిటస్, గ్లూకోజ్ ఇంటాలరెన్స్, హైపర్‌గ్లైసీమియా, ఇన్సులిన్ రెసిస్టెన్స్, బ్లడ్ గ్లూకోజ్, గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ అన్న మెష్ పదాలు, మామూలు మాటల్లో డయాబెట్ నక్షత్రం, ప్రీడయాబెట్ నక్షత్రం, ఎన్ఐడీడీఎం, గ్లూకోజ్ టాలరెన్స్, గ్లూకోజ్ ఇంటాలరెన్స్, ఫాస్టింగ్ గ్లూకోజ్, ఇన్సులిన్ రెసిస్టెన్స్, రెండు స్పెల్లింగ్‌లతో హైపర్‌గ్లైసీమియా, హెచ్‌బీఏ1సీ రూపాలన్నీ.

రెండు కుండలకు మధ్య యాండ్, చివర నాట్ పెట్టి, బ్రాకెట్లలో యానిమల్స్ నాట్ హ్యూమన్స్. స్థలం పేరు లేదు, ఏడాది గీత లేదు, భాష గీత లేదు. మేడం చెప్పిన 1993 పత్రం వచ్చింది. మొదట నేను పెట్టిన పన్నెండింటిలో పదకొండు వచ్చాయి. పన్నెండోది రాలేదు, ఎందుకో తెలియడం లేదు.

పాలమూరు గ్రంథపాలకుడు

బాగా కట్టారు. డయాబెట్ నక్షత్రంతో ఇన్సిపిడస్ మళ్లీ కొద్దిగా వస్తుంది, ఫ్లోరైడ్ కుండతో కలిశాక అది లెక్కలోకి రాదు. ఆ పన్నెండోదాని పేజీ తెరిచి, అబ్‌స్ట్రాక్ట్ అసలు ఉందో లేదో చూడండి.

మర్రిగూడ పీజీ

లేదు సార్. ఎడిటర్‌కు రాసిన ఉత్తరం అది, మిగతా పదకొండింటిలో ఒకటి ఉదహరిస్తే దింపుకున్నాను. టైటిల్‌లో ఎండెమిక్ ఏరియా, డ్రింకింగ్ వాటర్ అని ఉంది తప్ప ఫ్లోరైడ్ అన్న మాట లేదు. మెష్ కూడా తగల్లేదు.

పాలమూరు గ్రంథపాలకుడు

అలాంటిదాన్ని ఏ కుండా పట్టదు. దానికోసం డ్రింకింగ్ వాటర్ అన్న మాటను కలిపితే ఆర్సెనిక్, నైట్రేట్ పత్రాలన్నీ వచ్చి మీద పడతాయి. దాన్ని ఉదహరింపుల నడకలో దొరికిందని విడిగా రాసుకోండి, అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు ఈ వరుసను ఉన్నది ఉన్నట్టు, బ్రాకెట్లతో సహా ఒక ఫైలులో భద్రపరచండి. వెతికిన తేదీ, ఏ డేటాబేస్, ఎన్ని వచ్చాయి అన్నవి పక్కన రాయండి. సమీక్షలను ఎలా నివేదించాలో చెప్పే మార్గదర్శకం ప్రిస్మా 2020 అడిగేది కూడా ఇదే. ఎంబేస్‌కు వెళ్లినప్పుడు మెష్ పదాలు అక్కడ చెల్లవు, వారి సొంత పదకోశమైన ఎమ్‌ట్రీ పదాలతో వరుసను మళ్లీ కట్టాలి. వచ్చినవాటిని పత్రాల జాబితాలు దాచే జోటెరోలో వేసి, రెండుసార్లు వచ్చినవి తీసేసి, పత్రాలను ఏరుకునే సాధనమైన రయ్యాన్‌లో మీరూ మీ తోటి పీజీ ఒకరూ ఒకరి నిర్ణయం ఒకరికి తెలియకుండా ఏరండి. పబ్‌మెడ్‌కు అనుబంధమైన మై ఎన్‌సీబీఐలో ఖాతా తెరిచి ఈ వెతుకులాటను దాచుకుంటే కొత్త పత్రం వచ్చినప్పుడు మెయిల్ వస్తుంది. థీసిస్ సమర్పించే నెలలో ఇంకోసారి మొత్తం నడిపి, ఆ తేదీని కూడా రాయండి.

దేవరకొండ డాక్టర్

తమ్ముడూ, ఆ వరుసను నాకూ పంపండి. మా క్లినిక్‌కు చింతపల్లి వైపు నుంచి వచ్చేవారిలో ఫ్లోరైడ్ జబ్బూ షుగరూ రెండూ ఉన్నవారు ఉన్నారు, నేను ఎన్నడూ ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

మర్రిగూడ పీజీ

రేపు గైడ్ గారికి చూపించాక పంపుతాను సార్. ఆయన తన కంప్యూటర్‌లో వేసి చూస్తానన్నారు.